తొమ్మిది వందల నలభై గంటలు

“ఆ కోపెల్ వాళ్ళింటికి వెళ్ళావంటే మళ్ళీ నా షాపు గడప తొక్కనక్కర్లేదు,” అన్నాడు శశికాంత్, దోసె ముక్కను అల్లం పచ్చడిలో అద్దుకుంటూ.

ఇంత మాట అన్నవాడు తినడం మాత్రం ఆపలేదు. వసుమతికి ముందు అక్కడే ఒళ్ళు మండింది.

“మీ షాపా? బావుంది. పన్నెండేళ్ళుగా మీటరు సంచీ మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి టీవీల రంగులు సరిచేసింది మా అమ్మమ్మ కాబోలు!”

“పొద్దున్నే మొదలెట్టకు వసూ. శనివారం. పదింటికల్లా జనం వస్తారు.”

“బుధవారం నుంచీ ఇదే వరస. బుధవారం అలసిపోయానన్నారు. గురువారం డెలివరీ ఉందన్నారు. నిన్న తలనొప్పి. ఇవాళ శనివారం. ఏడు వారాల్లో మీకు తీరికైన వారం ఏదో చెప్పండి, ఆ రోజే అడుగుతాను.”

శశికాంత్ ఇంకో ముక్క తుంచుకున్నాడు.

బుధవారం జరిగింది తలుచుకుంటే వసుమతికి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కోపెల్ ఊళ్ళో వీరాంజనేయులు గారింట్లో గోడకి డెబ్భై ఏడు అంగుళాల టీవీ. శశికాంత్ అమ్మిందే, సరికొత్తదని చెప్పి అమ్మిందే. రంగులు సరిచూసి కాలిబ్రేట్ చేయడానికి వెళ్ళి, తెర నిండా బూడిదరంగు వెలిగించి, మధ్యలో రంగులు కొలిచే మీటరు వేలాడదీసింది. కుడిచేతి పక్క పైమూలలో వేలిముద్రంత ఎర్రమచ్చ కనిపించింది. దగ్గరికెళ్ళి చూస్తే కుంకుమ. ఎవరో మహా ఇల్లాలు తెరకి బొట్టు పెట్టి, ఆ తర్వాత తుడిచింది. తుడిచినకొద్దీ అది తెర మీది మెరుపు లేని పూతలోకి ఇంకిపోయింది.

మనవాళ్ళు కారుకి బొట్టు పెడతారు, ఫ్రిజ్‌కి పెడతారు, గ్రైండర్‌కి పెడతారు. టీవీ ఏం పాపం చేసింది? కాకపోతే ఆ పెట్టేదేదో చుట్టూ ఉన్న అంచుకి పెట్టరు, తిన్నగా తెర మొహానే పెడతారు. ఇక ఆ మచ్చ ఏ మందుకీ వదలదు.

“బొట్టు తెర మీద పెట్టేశారేమిటి ఆంటీ?” అంది వసుమతి నవ్వుతూ.

“మేమింకా పెట్టందే!” అంది వీరాంజనేయులు గారి భార్య శేషమ్మ. “శుక్రవారం కొబ్బరికాయ కొట్టి పెడదామని ఆగామమ్మా.”

నవ్వు నోట్లోనే ఆగిపోయింది. రిమోట్ తీసుకుని, రిపేరు చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ తెరవని మెనూ తెరిచింది వసుమతి. ఆ టీవీ అప్పటిదాకా వెలిగిన గంటలు అక్కడ అంకెల్లో ఉంటాయి. తొమ్మిది వందల నలభై. ఆ ఇంటికొచ్చి నాలుగు రోజులు కాలేదు. మళ్ళీ బూడిదరంగు పెట్టి పరీక్షగా చూస్తే, తెర అడుగున ఈ చివర నుంచి ఆ చివరికి ఒక నీడ. క్రికెట్ మ్యాచిలో స్కోరు చూపించే పట్టీ, వారాల తరబడి అక్కడే వెలిగి వెలిగి తెరలో అచ్చుపడిపోయింది. దాన్ని ఏ కాలిబ్రేషనూ పోగొట్టలేదు.

ఆ పెద్దవాళ్ళిద్దరి మొహాలు చూసి ఏం చెప్పాలో పాలుపోక, “మీటరు మొరాయిస్తోందండీ, శనివారం వస్తాను,” అని అబద్ధమాడి బయటపడింది. మూడు రోజులుగా ఆ అబద్ధం అన్నం కూడా సహించనివ్వడం లేదు.

“షాపులో రిటర్న్‌ల లెక్క చూశాను. రెండిళ్ళవాళ్ళు వాడి తిరిగిచ్చిన టీవీకి కొత్త డబ్బా తొడిగి, టేపు వేసి, కొత్తదని అమ్మారు. అవునా, కాదా? ఒక్క ముక్క చెప్పండి.”

“అవును. అయితే ఏంటంట?” శశికాంత్ ఒక్కసారిగా ఒంటికాలి మీద లేచాడు. “తిరిగిచ్చిందెవరో అడగవేం? మనవాళ్ళే! క్రికెట్ కప్పు మొదలవుతుందనగానే వచ్చేస్తారు. ‘అన్నయ్యా, పెద్దది కావాలి, ఇంట్లో అందరం కలిసి చూడాలి’ అంటారు. పాతికమందిని పోగేసి, బిర్యానీలు తిని, ఇల్లెగిరిపోయేలా అరుచుకుని, ఫైనల్ అయిన మర్నాడు తెచ్చి నా కౌంటర్ ముందు పడేస్తారు. ‘బొమ్మ నచ్చలేదండీ, రిటర్న్’! ముప్ఫై రోజుల పాలసీ ఉంది కదా మరి! బొట్టు పెట్టి, హారతిచ్చి, కాయ కొట్టిన వస్తువుని ఏ మొహం పెట్టుకుని వెనక్కి తెస్తారు వసూ? సిగ్గుండదూ? నాకు సరుకిచ్చినవాడు వెనక్కి తీసుకుంటాడా? చస్తే తీసుకోడు. నేనెవరికి చెప్పుకోను? మనవాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది, మనవాళ్ళకే పోయింది. అంతే!”

అందులో నిజం లేకపోలేదు. ఆ తిరిగిచ్చినవాళ్ళెవరో వసుమతికీ తెలుసు. పార్టీల్లో కనిపించి ‘బాగున్నారా వదినగారూ’ అని పలకరించేవాళ్ళే. ఆ నిజం ఉండబట్టే ఆవిడ కోపం ఇంకా పెరిగింది.

“తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట వెనకటికొకడు. మిమ్మల్ని ముంచింది వాళ్ళయితే వీరాంజనేయులు గారిని ముంచడమేమిటి? ఓపెన్ బాక్స్ అని చెప్పి, తగ్గించి అమ్మచ్చుగా?”

“ఓపెన్ బాక్స్ అంటే మనవాళ్ళు కొంటారా? ‘ఎవరిదో ఎంగిలి టీవీ మాకెందుకండీ’ అంటారు. అమ్మి చూడు, తెలుస్తుంది.”

“అసలు మనవాళ్ళు మీ దగ్గరికెందుకొస్తున్నారో తెలుసా? హైవే దాటితే పెద్ద స్టోర్‌లో ఇంతకన్నా చవగ్గా దొరుకుతాయి. ‘వసుమతి చూసి సంతకం పెట్టిందంటే ఇంక చూసుకోనక్కర్లేదు’ అని వస్తున్నారు. ఈ అమెరికాలో నేను సంపాదించుకున్నది ఆ ఒక్క పేరు. డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఆరేళ్ళు ఇంట్లో ఊరికే కూర్చుని, వర్క్ పర్మిట్ వచ్చాక ఒక్కో ఇల్లూ తిరిగి తెచ్చుకున్న పేరు. దాన్ని మీరు డబ్బాలో పెట్టి టేపు వేస్తానంటే ఊరుకుంటానా?”

“నీ పేరుకేం కాలేదు. నువ్వు అక్కడికి వెళ్ళనంతవరకూ కాదు. వెళ్తే నష్టం నీకే. ముందే చెప్తున్నా.”

“బెదిరిస్తున్నారా?”

శశికాంత్ లేచి, కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో తన కంచం తను తీయడం అదే మొదలు.

అప్పుడే తార మేడ దిగి వచ్చింది. కాలేజీలో మొదటి ఏడాది. శని ఆదివారాలు తండ్రి షాపులో కౌంటర్ చూస్తుంది. పోయిన వేసవి నుంచీ తల్లితో ముక్తసరిగా ఒకటి రెండు మాటలు తప్ప లేవు. ఈడొచ్చిన పిల్లలింతే కాబోలని వసుమతి సర్దుకుంటోంది.

“దోసె వెయ్యనా?”

“వద్దు.”

వసుమతి ఫోన్ మోగింది. శేషమ్మ. చేతికి పిండి ఉండడంతో వసుమతి స్పీకర్ నొక్కింది.

“అమ్మా వసుమతీ, ఇవాళ రావద్దులే తల్లీ. నీకెందుకు శ్రమ?”

“అదేంటి ఆంటీ?”

“తెర కింద ఏదో చారలా కనిపిస్తోందని నిన్న మీ ఆయనకి ఫోన్ చేశానమ్మా. ‘టీవీ బ్రాండ్ న్యూ ఆంటీ, దానికేం ఉండదు. మీకు కంటి ఆపరేషన్ అయింది కదా, ఒకసారి కళ్ళు చూపించుకోండి’ అన్నాడు. నిజమే, శుక్లాలు తీసి రెండు నెలలన్నా కాలేదు. మీ అంకుల్‌ని అడిగితే నాకేం కనబడట్లేదు, నీ కళ్ళేలే అంటున్నారు. మంగళవారం డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికింది. మళ్ళీ ఏం ముంచుకొచ్చిందో…” శేషమ్మ ముక్కు చీదుకుంది. “మా అమ్మకీ ఇలాగే మొదలైంది వసుమతీ. ఆఖరికి మనిషి ఆనేది కాదు. నాకూ అంతేనేమో.”

శశికాంత్ చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

“ఆంటీ, మీ కళ్ళకేం కాలేదు. నేనొస్తున్నాను. వచ్చి చెప్తాను,” అని ఫోన్ పెట్టేసింది వసుమతి.

తర్వాత మొగుడి వైపు తిరిగింది.

“ఆవిడ కళ్ళ మీదకి తోశారా!”

“ఏదో ఆ టైమ్‌కి నోటికొచ్చింది చెప్పాను. కస్టమర్లు నలుగురు ముందు నిలబడి ఉంటే…”

“నోటికొచ్చిందా? ఆవిడ గుడ్డిదాన్నైపోతున్నానని ఏడుస్తోంది! మచ్చ మీ టీవీలో పెట్టుకుని, డెబ్భై ఏళ్ళ మనిషిని కంటి డాక్టర్ దగ్గరికి పంపిస్తున్నారా? మనిషి పుట్టుక పుట్టారా అసలు మీరు?”

“మెల్లగా మాట్లాడు. పిల్ల వింటోంది.”

“విననివ్వండి! తండ్రి ఎలాంటి వ్యాపారం చేస్తున్నాడో పిల్లకీ తెలియాలి.”

తార తల దించుకుంది. వసుమతి మీటరు సంచీ భుజాన వేసుకుని కారు తాళాలు అందుకుంది. తొందరలో తాళాలు జారి కింద పడ్డాయి. వంగి తీసింది తార.

“నేను డ్రైవ్ చేస్తా.”

“తారా, నువ్వు నాతో షాపుకి రావాలి,” అన్నాడు శశికాంత్. ఆ గొంతులో కోపం కన్నా కంగారే ఎక్కువగా ఉంది.

“నో, డాడీ,” అని తార చెప్పులేసుకుంది.

హైవే ఎక్కేలోపు శశికాంత్ రెండుసార్లు వసుమతికి ఫోన్ చేశాడు. ఆవిడ ఎత్తలేదు. అప్పుడు తార ఫోన్ మోగింది. తారా ఎత్తలేదు.

“మమ్మీ, నువ్వు వాళ్ళకి ఏం చెప్తావు?”

“నిజం.”

“మొత్తం?”

“ఉన్నదంతా చెప్తాను. నా మాట నమ్మి కొన్నారే, దాచుకోవడానికి నాకేముంది?”

తార పక్కకి తిరిగి తల్లిని ఒకసారి చూసింది. ఏదో అనబోయి, ఎగ్జిట్ రావడంతో ఆగిపోయింది.

తలుపు తీసిన శేషమ్మ కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. వెనకాలే వీరాంజనేయులు గారు. ముప్ఫై ఏళ్ళు టెక్సస్ రోడ్లకి ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. కొలత అంగుళం తప్పినా ఊరుకోని మనిషని పేరు.

వసుమతి కుశల ప్రశ్నలు పెట్టుకోలేదు. తిన్నగా హాల్లోకి వెళ్ళి, కర్టెన్లు మూసి, తెర నిండా బూడిదరంగు వెలిగించింది.

“ఆంటీ, ఆ చార మీకెక్కడ కనిపిస్తోందో వేలు పెట్టి చూపించండి.”

శేషమ్మ భయంభయంగా దగ్గరికొచ్చింది. “ఇదుగో, ఇక్కడ మొదలై… ఇలా పోయి… ఇక్కడో చిన్న డబ్బాలా ఉంది. ఇక్కడితో ఆఖరు.” వేలు గీతగీసినట్టు ఆ నీడ మీదుగానే నడిచింది.

“నాకూ అక్కడే కనిపిస్తోంది.”

“నాకు కూడా, ఆంటీ,” అంది తార నెమ్మదిగా.

“అది క్రికెట్ స్కోరు పట్టీ ఆంటీ. ఈ టీవీ మీకన్నా ముందు రెండిళ్ళలో ఆడి వచ్చింది. అప్పుడు పడిన మచ్చ అది. మీ కళ్ళు లక్షణంగా ఉన్నాయి. మామూలు వాళ్ళకి కనిపించని నీడని మీరు పట్టుకున్నారు.”

శేషమ్మ సోఫాలో కూలబడింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఆ ఏడుపులోనే నవ్వింది. ఉన్నట్టుండి మొగుడి మీద విరుచుకుపడింది.

“విన్నారా? విన్నారా అని! నీ కళ్ళే, నీ కళ్ళే అని నిన్నటి నుంచీ చంపుకు తిన్నారు కదా! ముందు వెళ్ళి మీ కళ్ళు చూపించుకోండి. మంగళవారం అపాయింట్‌మెంట్ మీకే!” లేచి వంటింటి వైపు నడిచింది. “ఉండమ్మా, కాఫీ కలుపుకొస్తా. నిన్నటి నుంచి పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.”

వీరాంజనేయులు గారు నవ్వలేదు. వసుమతి మెనూ తెరిచి గంటలు చూపించింది. ఆయన ఆ అంకెని చాలాసేపు చూశారు.

“నీకిది బుధవారమే తెలుసా?”

“తెలుసు అంకుల్. మీటరు పాడైందని అబద్ధం చెప్పి వెళ్ళిపోయాను. తప్పయింది.”

“నీ నోట అబద్ధం వింటాననుకోలేదమ్మా. పెద్ద స్టోర్‌కి వెళ్దామంటే శేషే వద్దంది. ‘వసుమతి సంతకం పెట్టిచ్చింది, ఇంకేం కావాలి’ అంది. నీ కాగితం చూసే కొన్నాం.”

“ఏ కాగితం?”

ఆయన సొరుగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి చేతికిచ్చారు. షాపు పేరుతో అచ్చు వేసిన కాగితం. టీవీ కొత్తది. వాడిన గంటలు సున్నా. తెర మీద మచ్చలేవీ లేవు. పరీక్షించినవారు వసుమతి. అడుగున తెలుగులో సంతకం.

వసుమతి తెలుగులోనే సంతకం పెడుతుంది. బ్యాంకులోనూ అంతే, డ్రైవింగ్ లైసెన్సు మీదా అంతే. ఆ సంతకం చూసి చూసి అందరికీ గుర్తే. కానీ ఇది తను పెట్టింది కాదు. తనది హడావిడి చెయ్యి, చివరి అక్షరం ఎప్పుడూ సగంలోనే సాగిపోతుంది. ఇక్కడ ఒక్కో అక్షరం నింపాదిగా, ముగ్గు దిద్దినట్టు ఉంది. శశికాంత్ రాత అసలే కాదు, ఆయన రాస్తే ఆయనకే అర్థం కాదు. ‘వెళ్తే నష్టం నీకే’ అన్న మాటకి అర్థం ఇప్పుడు తెలిసింది.

“ఇది నా సంతకం కాదు అంకుల్.”

ఆయన మొహం బిగుసుకుంది. “ఒట్టు?”

“ఒట్టు. ఈ కాగితం నేను ఇవాళే చూడడం.”

“అయితే ఇది ఫోర్జరీ. పాత టీవీ అంటగట్టడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నా భార్య నిన్నటి నుంచీ ఏడుస్తోందమ్మా! నీది కాదని రాసివ్వు. మా అబ్బాయి లాయరు, సోమవారం వాడి చేతిలో పెడతాను. ఆ సంతకం పెట్టింది ఎవరైనా సరే, వాళ్ళ మీద కేసు పెట్టించకపోతే నా పేరు వీరాంజనేయులు కాదు. ఉండు, పెన్ను తెస్తాను.” ఆయన విసవిసా లోపలి గదిలోకి వెళ్ళారు.

“మమ్మీ.”

వసుమతి తలెత్తింది. తార మొహం పాలిపోయి ఉంది.

“ఆ సైన్ నాది.”

“ఏంటి?”

“నేనే పెట్టా. డాడీ పెట్టమన్నారు. మమ్మీ బిజీ, ఆల్రెడీ చెక్ చేసేసింది, జస్ట్ సైన్ చేసెయ్ అన్నారు. నాకు తెలుగు రాయడం రాదు కదా. నీది చూసి డ్రా చేశా.”

“ఎప్పటి నుంచి?”

“లాస్ట్ సమ్మర్ నుంచి.”

వసుమతి కాగితం బల్ల మీద పెట్టింది. “అవి వాడిన టీవీలని నీకు తెలుసా?”

“ఫస్ట్ తెలీదు. తర్వాత తెలిసింది. డాడీని అడిగా. మమ్మీకి అన్నీ తెలుసు, ఇది మమ్మీ ఐడియానే అన్నారు.” తార కళ్ళు తుడుచుకుంది. “నువ్వు కూడా చీట్ చేస్తున్నావు అనుకున్నా మమ్మీ. ఇంట్లో నాకు హానెస్టీ అని లెక్చర్స్ ఇస్తావు, అక్కడ షాపులో ఇది. అందుకే నీతో మాట్లాడాలంటే చిరాకేసేది. పొద్దున నువ్వు డాడీతో ఫైట్ చేస్తుంటే అప్పుడు తెలిసింది, నీకు తెలీదని.”

ఏడాది. ఏడాదిగా కన్నకూతురు తనని దొంగగా చూస్తూ తిరిగింది. ఈడు తెచ్చిన పొగరనుకుని, కాలేజీ అనుకుని, ఫోన్ పిచ్చి అనుకుని తను దోసెలు వేసి పెట్టింది. ఊళ్ళో పేరు పోతుందని పొద్దుటి నుంచి గొంతు చించుకుంటోందే, ఇంట్లో ఆ పేరు ఎప్పుడో పోయింది. పోగొట్టింది, ఎదురుగా కూర్చుని అల్లం పచ్చడి నంజుకున్న మనిషి. తన పేరు వాడుకున్నాడు, పోనీ. తన పిల్ల చేత దొంగ సంతకం పెట్టించాడు. పెట్టించి, ఆ పాపం తల్లి నెత్తిన రుద్దాడు. వసుమతికి ఏడుపు రాలేదు.

“నేను అంకుల్‌కి చెప్పేస్తా,” అంది తార.

“నోరు మూసుకుని నిలబడు.”

“బట్ మమ్మీ, నువ్వే అన్నావు, మొత్తం చెప్తా అని…”

అడుగుల చప్పుడైంది. వీరాంజనేయులు గారు పసుపు రంగు కాగితాల పుస్తకం, పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టారు. “రాయమ్మా. తారీఖు వెయ్యి ముందు.”

వసుమతి కూర్చుని తారీఖు వేసింది. ఒక్కో వాక్యం పైకి చదువుతూ రాసింది.

“ఈ టీవీ కొత్తది కాదు. కొత్తదని ఇచ్చిన కాగితం మీద ఉన్న సంతకం నాది కాదు. ఆ సంతకం పెట్టించింది నా భర్త శశికాంత్.”

కింద తన సంతకం పెట్టి, కాగితం చింపి ఆయన చేతికిచ్చింది. వంటింట్లోంచి కాఫీ వాసన వస్తోంది. శేషమ్మ ఏదో కూనిరాగం తీస్తోంది. తార గోడవారన నిలబడి ఉంది.

వీరాంజనేయులు గారు కళ్ళజోడు సవరించుకుని, ప్రతి మాట కింద వేలు జరుపుతూ చదివారు. చివరిదాకా వచ్చి, మళ్ళీ మొదటి నుంచి చదివారు.

“పెట్టించిందెవరో రాశావు,” అన్నారు తల ఎత్తకుండానే. “పెట్టిందెవరో రాయలేదేమ్మా?”